నల్ల టేపు చేసే పని

ఇది చిన్న కథ. చేతిలో టీ చల్లారేలోగా అయిపోవాలి. ఒక కెమెరామన్, అతని గురువు, తగలబెట్టడానికే కట్టిన ఒక ఇల్లు. ఇంతే సరుకు.

కానీ కెమెరామన్ అంటే ఏమిటో లింగేశ్వర్ సొంతూళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి, ముందు ఆ ఊరి సంగతి చెప్పుకోకపోతే కుదరదు. పలాసకు దగ్గర్లో ఉంది. జనమంతా జీడిపిక్కలు కొడుతూ, మధ్యమధ్యలో పక్కింటి సంగతులు మాట్లాడుకుంటూ బతుకుతారు. లింగేశ్వర్ సినిమాల్లో ఉన్నాడని అందరికీ తెలుసు. ఏం చేస్తాడన్నదే తేలలేదు. అతని మేనత్త అయితే మావాడు హీరోయిన్లకు గొడుగు పడతాడని అందరికీ చెప్పింది. అది చాలా పెద్ద ఉద్యోగమని ఆవిడ నమ్మకం.

అతను పనిచేసిన సినిమా పలాస వచ్చినప్పుడు ఊళ్ళో సగం మంది ట్రాక్టరెక్కి వెళ్ళారు, తెర మీద పేరు చూద్దామని. పేరు వచ్చింది. దాని చుట్టూ ఇంకా బోలెడు పేర్లు కూడా వచ్చాయి. వెతుక్కుంటూ అతని పేరు దగ్గరికి చేరేలోగా కార్డు మారిపోయింది. హెడ్మాస్టరు ఒక్కడే తాను పూర్తిగా చదివానన్నాడు. ఆ రోజు ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడని ఆయన భార్యే తర్వాత చెప్పింది.

ఊరి ప్రెసిడెంటు గారి బాధ వేరు. కూతురి పెళ్ళికి వీడియో తీయమని లింగేశ్వర్‌కు కబురు పెడితే అతను రాలేదు. చివరికి టెక్కలి నుంచి ఎవరినో పిలిపించారు. ఆ వీడియోలో పెళ్ళికొడుకు నుదురు నుంచి పైకి ఎక్కడా లేడు. ఆ అల్లుడు ఎప్పుడు అలిగినా ప్రెసిడెంటు గారు లింగేశ్వర్‌నే తిడతారు.

ఇక టీవీ సంగతి. అప్పుడప్పుడే సీరియళ్ళు మొదలయ్యాయి. సినిమా షూటింగులు లేనప్పుడు లింగేశ్వర్ సీరియళ్ళకు పనిచేసేవాడు. అక్కడ అతను పూర్తి కెమెరామన్. అత్తగారు ఒక మాట అంటే ఇంట్లో ఉన్న ప్రతి మొహం మీదికీ కెమెరా వెళ్ళి రావాలి. వంటమనిషిని కూడా వదలకూడదు. ఎంత ఏడుపు సీనైనా ఉన్న లైట్లన్నీ వేసెయ్యాలి. ఏడుస్తున్నావిడ కట్టుకున్న చీర అంచు కనపడకపోతే చీర ఇచ్చిన కొట్టువాడు ఫోన్ చేసేవాడు. లింగేశ్వర్ అన్నీ తీశాడు. ఊళ్ళో వాళ్ళకు అతని పేరు మొదటిసారి కుదురుగా కనపడింది ఆ సీరియళ్ళలోనే. మేనత్త మాత్రం గొడుగు ఉద్యోగం పోయిందేమోనని దిగులు పడింది.

అతనికి కావలసింది అది కాదు. సినిమా తెర మీద, మధ్యలో, ఒంటరిగా, 'ఛాయాగ్రహణం' అని వేసి కింద తన పేరు. చదువుకోవడానికి హెడ్మాస్టరుకు కూడా తీరిక ఉండేంతసేపు.

గురువు ఖాసిం గారు. ఆయనది కావలి. పెద్ద కెమెరామన్. వెలుతురును వాసన చూసి చెబుతారని నిర్మాతలు ఆయన గురించి చెప్పుకునేవారు. ఆయనకు ఎప్పుడూ జలుబు. అందుకని ముక్కు ఎగబీల్చేవారు. అందులో అంతకుమించి ఏమీ లేదు. మాట మాత్రం చాలా తక్కువ. కొన్ని రోజులు పొద్దుటి నుంచి పేకప్ దాకా ఆయన నోటి నుంచి వచ్చేది తుమ్ములే.

లింగేశ్వర్ ఆయన దగ్గర ఆపరేటివ్ కెమెరామన్. అంటే లైట్లు ఎక్కడ పెట్టాలో గురువు చెబుతారు. కెమెరా వెనక కూర్చుని కన్ను పెట్టి తిప్పేది ఇతను. ఏళ్ళ తరబడి తిప్పాడు. జుట్టు కూడా పల్చబడింది. లైటింగు కూడా తనకు వచ్చేసిందని అతనికి గట్టి నమ్మకం. వచ్చిందో లేదో గురువు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు వీరభద్రం గారు దిగారు. తణుకు వైపు మనిషి, రైసు మిల్లులున్నాయి. బియ్యం మీద విసుగు పుట్టి సినిమా తీద్దామనుకున్నారు. లింగేశ్వర్‌ను పిలిచి, మీ గురువుగారు ఒక్క మాట చెబితే నా సినిమాకు కెమెరా నీదే అన్నారు. ఆ రోజుల్లో అదే పద్ధతి. ఫిల్ము ఖరీదైన వస్తువు. గురువు 'చేయగలడు' అనకుండా కొత్త చేతిలో డబ్బా పెట్టేవాళ్ళు కాదు.

లింగేశ్వర్ అడిగాడు. చూద్దాం అన్నారు ఖాసిం గారు. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగాడు. భోజనం చేశావా అన్నారు. ఈలోగా వీరభద్రం గారు, ఇక ఎక్కువ రోజులు ఆగలేనని, మీ బృందంలోనే ప్రభుదాస్ అని ఇంకొకతను ఉన్నాడటగా అని అన్నారు.

ఉన్నాడు. ప్రభుదాస్ కూడా ఖాసిం గారి దగ్గర ఆపరేటివే. లింగేశ్వర్ తర్వాత వచ్చినవాడు. పనిలో తీసిపారేయవలసినవాడు కాదు. కాకపోతే నిర్మాత కారు ఏ గేటు నుంచి వస్తుందో కారు డ్రైవరుకంటే ముందు ప్రభుదాస్‌కు తెలిసేది.

ఇక ఇల్లు తగలబెట్టడం.

హైదరాబాదు బయట, ఇళ్ళు అయిపోయిన చోట ఒక బయలు. అక్కడ జమీందారు బంగళా సెట్టు వేశారు. చెక్క, ప్లైవుడ్డు, పైన రంగు. కథ ప్రకారం అది కాలిపోవాలి. సెట్టు ఒక్కటే ఉంది కాబట్టి ఒక్కసారే కాలాలి. రెండో టేకు అన్న మాటే లేదు. అందుకని మూడు కెమెరాలు పెట్టారు. ఎలా చేస్తారో చూద్దామని వీరభద్రం గారు కూడా వచ్చి, నీడ చూసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. సినిమా ఆయనది కాదు. అయినా తగలబడేది వేరేవాళ్ళ సెట్టు కాబట్టి చాలా ఉత్సాహంగా ఉన్నారు.

ఈ రోజే తన రోజు అనుకున్నాడు లింగేశ్వర్. ఇంటికి ఎదురుగా పెట్టిన మొదటి కెమెరా తనదే అని అతనికి అనుమానం కూడా లేదు. వెళ్ళి దాని స్టూలు మీద కూర్చున్నాడు కూడా.

ఖాసిం గారు వచ్చి, దాని మీద ప్రభుదాస్‌ను కూర్చోమన్నారు. రెండోది క్రేన్ మీద ఇంకొకతనికి ఇచ్చారు. లింగేశ్వర్‌ను వెంటబెట్టుకుని ఇంటి పక్కకు తీసుకెళ్ళారు. అక్కడ ఉంది మూడో కెమెరా. దానికి ఎదురుగా బంగళా వంటింటి తలుపు, మూసి ఉంది. ఆ తలుపులోంచి ఎవరూ రారు, ఎవరూ పోరు. కెమెరా తిప్పే పని లేదు. ఫోకస్ మార్చే పని లేదు. బిగించి పెట్టేశారు.

లింగేశ్వర్ మొహం మాడిపోయింది. వీరభద్రం గారి కుర్చీ అక్కడికి కనపడుతూనే ఉంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఫిల్ము కెమెరాల్లో కన్ను పెట్టి చూసే గొట్టం ఉంటుంది. దాని చివర రబ్బరు కప్పు. కెమెరా తిరుగుతున్నప్పుడు అక్కడి నుంచి కన్ను తీస్తే బయటి వెలుతురు ఆ గొట్టంలోంచి వెనక్కి దూరి ఫిల్ము మీద పడుతుంది. బొమ్మ పాలిపోతుంది. అందుకని అక్కడ కన్నైనా ఉండాలి, మూతైనా ఉండాలి. మూడో కెమెరా అద్దెకు తెచ్చింది. దాని మూత ఎప్పుడో విరిగిపోయింది. ఇచ్చినవాళ్ళు రబ్బరు కప్పు మీద నల్ల టేపు ముక్క అంటించి పంపారు.

లింగేశ్వర్ ఆ టేపును చూశాడు. కోపం ఆగలేదు.

"సార్, దీనికి నేనెందుకండీ? ఈ టేపు ఇలాగే ఉంచి బటన్ నొక్కి వెళ్ళిపోతే సరిపోతుంది కదా."

ఖాసిం గారు వంగి ఆ టేపును గోటితో మెల్లగా ఊడదీశారు. ఉండలా చుట్టి దూరంగా విసిరేశారు. ముక్కు ఎగబీల్చారు.

"ఫిల్ము అయిపోయేదాకా కన్ను తీయకు, లింగా" అని వెళ్ళిపోయారు.

అంటే తన ఇన్నేళ్ళ చాకిరీ ఒక టేపు ముక్కతో సమానమైంది. లింగేశ్వర్ స్టూలు మీద కూర్చుని ఆ తలుపు వంక చూశాడు. దాని గొళ్ళానికి వేసిన తుప్పు రంగు కూడా సరిగా లేదు. ఆర్ట్ డైరెక్టరును కూడా మనసులో తిట్టుకున్నాడు. అక్కడ దొరికినవాళ్ళనందరినీ వరసగా తిట్టుకుని, చివరకు గురువుగారి దగ్గరికి వచ్చి ఆగాడు.

అగ్గి పెట్టారు. డైరెక్టరు మైకులో యాక్షన్ అన్నాడు. ముందు భాగం భగ్గుమంది. ఫైరింజన్ సిబ్బంది పైపు వదిలేసి హీరో ఎక్కడున్నాడో చూస్తున్నారు.

కెమెరా తిప్పడం అలవాటైనవాళ్ళు రెండో కన్ను మూయరు. కుడికన్ను గొట్టంలో ఉంటుంది, ఎడమకన్ను లోకం మీద ఉంటుంది. లింగేశ్వర్ కుడికన్నులో ఒక మూసిన తలుపు ఉంది. ఎడమకన్నులో మంటలు, మొదటి కెమెరా మీద వంగిన ప్రభుదాస్, అవతల కుర్చీలో వీరభద్రం గారు ఉన్నారు.

కాసేపటికి గాలి తిరిగింది.

ఇంటి ముందు నుంచి మంట ఒక్కసారిగా బయటకు వాలింది. ప్రభుదాస్ తల ఎత్తి ఏదో అరిచాడు. నిప్పురవ్వలు మీద పడేసరికి లేచి పరిగెత్తాడు. కెమెరా ఒంటరిగా తిరుగుతూనే ఉంది. డైరెక్టరు కట్ చెప్పలేదు. ఆయన కూడా పరిగెడుతున్నాడు. పరిగెడుతూనే మైకులో, ఎవరైనా ఆ కెమెరా పట్టుకోండయ్యా అంటున్నాడు.

లింగేశ్వర్‌కు అంతా కనపడింది. మొదటి కెమెరా ఎంతో దూరం లేదు. మంట దాని మీద లేదు, దాని పక్కన ఉంది. ధైర్యం ఉన్నవాడు వెళ్ళి కూర్చోవచ్చు. అతనికి ధైర్యం ఉంది. అందరి ముందూ, వీరభద్రం గారి ముందూ ఆ స్టూలు మీద కూర్చుంటే ఇక గురువుగారి మాటతో పని లేదు. ఇక్కడ ఈ తలుపు తెల్లగా పాలిపోతే పోనీ. దాన్ని ఎవరు అడుగుతారు?

వీరభద్రం గారు కుర్చీలోంచి లేచారు. మంటల చప్పుడుకు మించి కేక పెట్టారు.

"లింగేశ్వర్! ఏం చేస్తున్నావయ్యా అక్కడ? వెళ్ళి ఆ కెమెరా పట్టుకో!"

సినిమా ఇస్తానన్న మనిషి, పేరు పెట్టి పిలిచాడు. లింగేశ్వర్ కాళ్ళు స్టూలు కింద నుంచి కదిలాయి. రబ్బరు కప్పు మాత్రం కంటి చుట్టూ అతుక్కుని ఉంది. దాన్ని వదిలితే అది ఊడే సన్నటి చప్పుడు కూడా వినపడుతుందనిపించింది.

ఎడమకన్ను మూసేశాడు.

ఇంకో కేక వినపడింది. ఆ తర్వాత ఆయన ఏమన్నారో వినపడలేదు. వంటింటి గోడ కూడా అంటుకుంది. వేడి మొహానికి కొట్టింది. పొగ వచ్చి కుడికన్నులో తలుపు మాయమైంది. చూడడానికి ఇక ఏమీ లేదు. కన్ను మండి నీళ్ళు కారాయి. మోచేతి మీద వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. కుడికన్ను కూడా మూసుకుపోయింది. మూసిన కన్నునే రబ్బరుకు అదిమిపెట్టి కూర్చున్నాడు. కెమెరా శబ్దం ఒక్కటే చెవుల్లో. వెళ్ళిపో అని ఒళ్ళంతా చెబుతోంది. చేతులు రెండూ స్టాండును గట్టిగా పట్టుకున్నాయి.

ఎంతసేపో తెలియదు. కెమెరా శబ్దం మారింది. ఫిల్ము అయిపోయి, చివర టపటపా కొట్టుకుంటోంది.

అప్పుడు తల ఎత్తాడు. తిరిగి చూస్తే వెనక, రెండడుగుల్లో, లెన్సుల ట్రంకుపెట్టె మీద ఖాసిం గారు కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా అంతా మసి. ఎప్పుడు వచ్చారో, ఎంతసేపటి నుంచి ఆ వేడిలో కూర్చున్నారో అతనికి తెలియదు.

"ఫిల్ము మేగజీన్ తీసి మూత పెట్టు" అన్నారు.

ఆ సాయంత్రం యూనిట్టులో అందరూ హీరోలే, లింగేశ్వర్ తప్ప. వీరభద్రం గారు వెళ్తూ వెళ్తూ ఖాసిం గారితో, అసలు కెమెరా అనాథైపోతే మీవాడు వంటింటి తలుపు చూసుకుంటూ కూర్చున్నాడేమిటండీ, పిలిస్తే పలకడేమిటండీ అని అడిగారు. చెముడేమోనని కూడా అనుమానించారు. ఖాసిం గారు, మీరు ఫిల్ము చూడడానికి రండి అన్నారు.

ప్రభుదాస్ చెవి దగ్గర ఒక నిప్పురవ్వ కాల్చింది. కందిగింజంత బొబ్బ. మర్నాడు దానికి చిన్న పట్టీ వేసుకుని వచ్చాడు. ల్యాబ్‌లో కడిగిన ఫిల్ము వచ్చేలోగా ఆ పట్టీ రోజురోజుకూ పెరుగుతూ చెవిని పూర్తిగా కప్పేసింది. వీరభద్రం గారు మనిషిని పంపి దాని క్షేమం కనుక్కున్నారు. ఆ కబురు ఎవరో లింగేశ్వర్‌కు చేరవేశారు. ఇలాంటి కబుర్లు చేర్చడానికి సినిమావాళ్ళకు మనుషుల కొరత ఉండదు. అతనికి అన్నం సహించలేదు. గురువుగారి దగ్గరికి వెళ్ళి, ఎందుకిలా చేశారు సార్ అని అడగాలని రెండు మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి, లోపల తుమ్ము వినపడగానే వెనక్కి వచ్చేశాడు.

ప్రివ్యూ థియేటర్లో అందరూ కూర్చున్నారు. దీపాలు ఆర్పారు.

మొదటి కెమెరా. బంగళా, మంటలు, చాలా బాగుంది. ఒక చోట బొమ్మ మీద పాలు ఒలికినట్టు తెల్లదనం పాకింది. అక్కడి నుంచి ఇక ఏమీ సరిగ్గా లేదు. ప్రభుదాస్ చెవి పట్టీ సర్దుకున్నాడు.

రెండోది, క్రేన్ మీది నుంచి తీసింది. దూరంగా ఉన్నా శుభ్రంగా వచ్చింది. డైరెక్టరు ఊపిరి వదిలాడు. సినిమాకు అది చాలు.

మూడోది. మూసిన తలుపు. ఆ తలుపు అలాగే ఉంది. అందరూ ఏదో జరుగుతుందని ముందుకు వంగారు. డూప్ ఎవరైనా దూకుతాడేమో, ఆ మూలనుంచి ఏదైనా అద్భుతం దొరికిందేమో అని చూశారు. లింగేశ్వర్ కూడా చేతులు నలుపుకుంటూ చూశాడు. తలుపు చివర్లు నల్లబడ్డాయి. పొగ వచ్చింది. తర్వాత పొగే ఉంది. పొగ చాలాసేపు ఉంది. వెనక ఎవరో నవ్వారు. ఎవరో ఆవులించారు. ఒక్క చోట కూడా పాలిపోలేదు. నలుపు నలుపుగానే ఉంది. ఫిల్ము అయిపోయింది.

దీపాలు వెలిగాయి.

ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా అని వీరభద్రం గారు డైరెక్టరును అడిగారు. లేదని డైరెక్టరు నిజమే చెప్పాడు.

ఖాసిం గారు ముందు వరసలోంచి వెనక్కి తిరిగారు.

"లింగా, ఆ పొగలో ఏం చూశావు?"

అందరూ అతని వైపు తిరిగారు. చెప్పడానికి మాటలున్నాయి. పొగ కదిలిన తీరు చూశాననవచ్చు, వెలుతురు ఎక్కడ విరుగుతోందో గమనించాననవచ్చు. పక్కనే వీరభద్రం గారు చెవి పెట్టుకుని ఉన్నారు. కెమెరామన్ కళ్ళు మూసుకున్నానని ఒప్పుకోవడమంటే, వంటవాడు నేను రుచి చూడలేదని పెళ్ళివారి ముందు చెప్పడంలాంటిది. ఆ మాట తర్వాత పందిట్లో ఉండనివ్వరు.

"ఏమీ చూడలేదు సార్. చివర్లో కళ్ళు మూసుకున్నాను."

ప్రభుదాస్ దగ్గాడు. ఖాసిం గారు వీరభద్రం గారి వైపు తిరిగారు.

"చేయగలడు."

వీరభద్రం గారికి తాను సరిగ్గా విన్నానో లేదో తేల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. చెముడు ఎవరికో అప్పటికి ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. మాట అయితే మాటే. ఇచ్చిన మాట రైసు మిల్లు వాళ్ళు తప్పరని ఆయనకు పేరుంది, ఆ పేరు ఆయనే పెట్టుకున్నారు. సరే, ఇతను లైట్లు చూసుకుంటాడు, మరి కెమెరా వెనక ఎవరు కూర్చుంటారు, కొత్తవాడికి గట్టి ఆపరేటర్ ఉండాలి కదా అన్నారు. ప్రభుదాస్ కొంచెం ముందుకు జరిగాడు.

ఆ సంగతి నేను చూసుకుంటాను, మీరు ముహూర్తం పెట్టుకోండి అన్నారు ఖాసిం గారు.

ముహూర్తం రోజు లింగేశ్వర్ పొద్దున్నే వచ్చి తానే నిలబడి లైట్లు పెట్టించాడు. అన్నీ పెట్టించి, నచ్చక, సగం తీయించాడు. వీరభద్రం గారు కొబ్బరికాయ కొట్టారు. అది సరిగ్గా పగలలేదు. ఆయన ఇంకొకటి తెప్పించి దాన్ని కూడా కొట్టారు. ఆపరేటర్ ఇంకా రాలేదని అసిస్టెంట్లు గుసగుసలాడుకుంటున్నారు.

ఖాసిం గారు గేటు దగ్గర రిక్షా దిగారు. చెప్పులు షూటింగు ఫ్లోరు బయట విడిచారు. తిన్నగా వచ్చి కెమెరా వెనక స్టూలు మీద కూర్చుని, జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని, రబ్బరు కప్పులో కన్ను పెట్టారు.

"ఎటు తిప్పమంటారండీ?" అని అడిగారు.

లింగేశ్వర్ తాను పెట్టించిన లైట్ల వంక ఒకసారి చూశాడు. కొంచెం ఎడమకండి అన్నాడు.

ఆయన ఎడమకు తిప్పారు.